45వ సంచిక



నిన్న శాసనసభలో ఎవరు ఏమన్నారో ఇవాళ పత్రికలో చదవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అదొక హక్కని కూడా మనకు తోచదు. బ్రిటన్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో చాలాకాలం అది నేరం. 1738 ఏప్రిల్‌లో అక్కడి కామన్స్ సభ ఒక తీర్మానం చేసింది. సభ నడుస్తున్న రోజుల్లోనైనా, సెలవు రోజుల్లోనైనా, సభలో జరిగిన చర్చలను అచ్చువేస్తే అది సభను అవమానించడమేననీ, అలా చేసినవాళ్లను కఠినంగా శిక్షిస్తామనీ ఆ తీర్మానం సారాంశం. ప్రభుత్వ పక్షం, ప్రతిపక్షం రెండూ దానికి తలూపాయి. దేశంలో ఎవరి మీద ఎంత పన్ను వెయ్యాలో, ఏ దేశంతో యుద్ధం చెయ్యాలో, ఏ నేరానికి ఉరి వెయ్యాలో నిర్ణయించే సభ అది. ఆ నిర్ణయాలు ఎలా జరిగాయో తెలుసుకునే హక్కు మాత్రం జనానికి లేదంది.

33 ఏళ్లు గడిచాక, 1771లో, ఆ నిషేధం ఆచరణలో చచ్చిపోయింది. దాన్ని చంపిన చట్టం ఏదీ లేదు. ఏ మంత్రీ ఉదారంగా ముందుకు వచ్చి దాన్ని ఎత్తెయ్యలేదు. అచ్చాఫీసుల యజమానులు, అక్షరాలు కూర్చే పనివాళ్లు, లండన్ నగర పాలకుల్లో కొందరు, వీధుల్లో నిలబడిన వేలమంది జనం కలిసి దాన్ని చెల్లకుండా చేశారు. ఈ రాత్రి మీతో చెప్పదలచుకున్నది ఆ కథ.

ముందు ఆనాటి పరిస్థితి కాస్త చెప్పాలి. పుస్తకాలను, పత్రికలను అచ్చుకు ముందే సర్కారుకు చూపించి అనుమతి తీసుకోవాలన్న చట్టం ఇంగ్లండులో 1695లో గడువు తీరిపోయింది. దాన్ని మళ్లీ పొడిగించలేదు. ఏడేళ్లు తిరగకుండానే, 1702 మార్చిలో, డైలీ కొరాంట్ అనే తొలి దినపత్రిక లండన్‌లో వచ్చింది. తరువాత పదేళ్లలో పత్రికలు అనేకం పుట్టాయి. కాఫీ హోటళ్లలో ఒకే ప్రతిని పదిమంది చదివేవారు. చదవడం రానివాళ్లు పక్కన కూర్చుని వినేవారు. దీనికి సర్కారు వేసిన పగ్గం పన్ను. 1712లో ప్రతి పత్రిక మీద అరపెన్నీ, పెద్ద సైజుదైతే ఒక పెన్నీ స్టాంపు పన్ను వేశారు. ప్రకటనల మీద వేరే పన్ను. శతాబ్దం సాగేకొద్దీ దాన్ని పెంచుకుంటూ పోయారు. 1797 నాటికి అది ప్రతికి మూడున్నర పెన్నీలైంది. అంటే మాట్లాడవద్దని చెప్పలేదు. మాట ఖరీదు పెంచారు.

నాటకరంగానికైతే నేరుగానే తాళం వేశారు. 1728 జనవరిలో జాన్ గే రాసిన బెగ్గర్స్ ఒపేరా లండన్‌లో మొదలైంది. దొంగలు, వేశ్యలు, జైలు అధికారులు పాత్రలుగా ఉన్న ఆ సంగీత నాటకంలో ప్రేక్షకులు ప్రధాని రాబర్ట్ వాల్పోల్‌ను గుర్తుపట్టారు. తొలి ఏడాదే 62 ప్రదర్శనలు జరిగాయి. దానికి కొనసాగింపుగా గే రాసిన నాటకాన్ని రంగస్థలం ఎక్కనివ్వలేదు. హెన్రీ ఫీల్డింగ్ హేమార్కెట్ థియేటర్‌లో వాల్పోల్ మీద ఇంకా పదునైన నాటకాలు వేస్తుంటే, 1737లో చట్టమే తెచ్చారు. ప్రతి కొత్త నాటకాన్ని రాజభవనపు అధికారి లార్డ్ ఛాంబర్లేన్ ముందుగా చదివి ఒప్పుకోవాలి. ఆ చట్టంతో ఫీల్డింగ్ నాటకాలు మానుకుని నవలలకు మళ్లాడు. రంగస్థలం మీద ఆ ముందస్తు పరిశీలన 1968 దాకా ఏదో రూపంలో సాగింది. అంటే రెండు వందల ముప్ఫై ఏళ్లు. సభ చర్చల మీద నిషేధం కూడా ఆ నాటకాల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే వచ్చిందని గమనించండి.

నిషేధం ఉన్నంత మాత్రాన తెలుసుకోవాలన్న ఆరాటం పోదు కదా. ఎడ్వర్డ్ కేవ్ నడిపే జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఒక ఉపాయం చేసింది. గలివర్ యాత్రల్లోని లిల్లిపుట్ దేశపు సభలో జరిగిన చర్చలంటూ, మంత్రుల పేర్లు కాస్త మార్చి, వెస్ట్‌మినిస్టర్‌లోని పార్లమెంటు చర్చలు అచ్చువేసింది. కొన్నేళ్లు ఆ చర్చలు రాసినవాడు శామ్యూల్ జాన్సన్. తరువాత 1755లో తన నిఘంటువుతో ఇంగ్లిషు భాషకే పెద్దదిక్కు అయిన జాన్సన్ అప్పటికి పేదరికంలో ఉన్న పత్రికా రచయిత. ఆయన సభకు వెళ్లి విన్నది లేదనే చెప్పాలి. ఎవరో వెళ్లి వచ్చి, ఫలానావారు ఫలానా క్రమంలో మాట్లాడారని చెబితే, ఆ ముక్కలు పట్టుకుని తన గదిలో కూర్చుని ఉపన్యాసాలు అల్లేవాడు. చాలా ఏళ్ల తరువాత ఒక విందులో, సభలో పిట్ అనే నాయకుడు చేసిన ఉపన్యాసం ఒకదాన్ని పెద్దలు గ్రీకు వక్త డెమోస్తనీస్‌తో పోల్చి మెచ్చుకుంటుంటే, అది తానే ఎగ్జిటర్ వీధిలో ఒక అటక గదిలో రాశానని జాన్సన్ చెప్పాడట. చివరి రోజుల్లో ఆయన దీనికి బాధపడ్డాడు. జనం తన రాతను నిజమని నమ్మారని ఆయనకు తెలుసు.

ఈ జాన్సన్ ఉదంతాన్ని సాహిత్య చరిత్రలో వినోదంగా చెప్పుకుంటారు. నాకు అది వినోదంగా తోచదు. ఒక దేశపు ప్రజలు తమ ప్రధాన నాయకుల మాటలనుకుని చదివింది, ఆ నాయకులు అనని మాటలు. సభ తలుపులు మూస్తే లోపలి మాట బయటికి రాకుండా పోదు. నిజమైన మాట లోపలే ఉండిపోతుంది, కల్పించిన మాట బయట తిరుగుతుంది. నిషేధం చేసిన అసలు నష్టం ఇదీ.

ఇక 1762కు వద్దాం. మూడో జార్జి రాజై రెండేళ్లయింది. తన గురువు, స్కాట్లండ్ ప్రభువు లార్డ్ బ్యూట్‌ను ప్రధానిని చేశాడు. ఏళ్ల తరబడి సాగుతున్న యుద్ధాన్ని ముగించి ఫ్రాన్సుతో సంధి చేసుకోవడం బ్యూట్ పని. ఆయనను సమర్థించడానికి నవలాకారుడు స్మాలెట్ సంపాదకత్వంలో బ్రిటన్ అనే పత్రిక పెట్టారు. దానికి ఎదురుగా 1762 జూన్‌లో నార్త్ బ్రిటన్ అనే వారపత్రిక మొదలైంది. దాని వెనుక ఉన్నవాడు జాన్ విల్క్స్. క్లర్కెన్‌వెల్‌లో సారా బట్టీ నడిపిన వ్యాపారి కొడుకు, ఐల్స్‌బరీ నుంచి కామన్స్ సభ్యుడు.

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి సంతకాలయ్యాయి. ఆ సంధికీ మన నేలకూ సంబంధం ఉంది. 1753లో దక్కన్‌ను పాలించే సలాబత్ జంగ్ నుంచి ఫ్రెంచివాళ్లు సంపాదించిన ఉత్తర సర్కారులు ఈ యుద్ధంలోనే వాళ్ల చేయి జారాయి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట దగ్గర ఇంగ్లిషు కల్నల్ ఫోర్డ్ సేనలు ఫ్రెంచివాళ్లను ఓడించాయి. పారిస్ సంధిలో 11వ అధికరణం, కోరమండల్ తీరంలో 1749 మొదటి నుంచి సంపాదించినవన్నీ ఫ్రాన్సు వదులుకోవాలంది. దక్కన్ సుబేదారుగా సలాబత్ జంగ్‌ను ఇంగ్లండు, ఫ్రాన్సు రెండూ గుర్తించాలంది. సంధి పత్రం మీద సంతకాలు పడేనాటికి సలాబత్ జంగ్ గద్దె మీద లేడు. 1762లోనే తమ్ముడు నిజాం అలీ ఆయనను దించేశాడు. మన కోస్తా ఎవరి చేతుల్లోకి వెళ్లాలో పారిస్‌లో కూర్చుని తేల్చినవాళ్లకు దక్కన్‌ను ఎవరు పాలిస్తున్నారన్న సంగతి కూడా పట్టలేదు.

ఆ సంధిని పొగుడుతూ 1763 ఏప్రిల్ 19న రాజు పార్లమెంటులో ప్రసంగించాడు. నాలుగు రోజుల తరువాత, ఏప్రిల్ 23న, నార్త్ బ్రిటన్ 45వ సంచిక వచ్చింది. రాజు చదివే ప్రసంగం మంత్రులు రాసిచ్చిందేననీ, కనుక దాన్ని విమర్శించవచ్చనీ మొదలుపెట్టి, ఆ ప్రసంగంలో చెప్పినవి అబద్ధాలని ఆ సంచిక తేల్చింది. ఫ్రాన్సుకు లాభంగా సంధి కుదిరిందన్నది దాని ఫిర్యాదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదేమీ కాదని నా అభిప్రాయం. ఎడతెగని యుద్ధం కావాలన్నవాళ్ల కోపం అందులో ఉంది. కానీ రాజు నోటి నుంచి వచ్చిన మాటను అచ్చులో తప్పుపట్టవచ్చా అన్న ప్రశ్న దానితోనే నడిబజారుకు వచ్చింది.

మంత్రి లార్డ్ హాలిఫాక్స్ వారంటు జారీచేశాడు. అందులో ఎవరి పేరూ లేదు. ఆ సంచిక రాసినవాళ్లను, అచ్చువేసినవాళ్లను, అమ్మినవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల కాగితాలతో సహా తీసుకురమ్మని మాత్రం ఉంది. దానితో పట్టుకున్నవాళ్లు 49 మంది. డ్రైడెన్ లీచ్ అనే ముద్రాపకుణ్ణి అర్ధరాత్రి పక్క మీది నుంచి లేపి తీసుకుపోయారు. ఆయన పనివాళ్లనూ పట్టుకున్నారు. తీరా చూస్తే 45వ సంచికను ఆయన అచ్చువెయ్యనే లేదు. విల్క్స్‌ను ఏప్రిల్ 30న పట్టుకుని లండన్ టవర్‌లో పెట్టారు. ఇంట్లో బీరువాలు పగలగొట్టి కాగితాలన్నీ మూటగట్టి పట్టుకుపోయారు. వారం తిరగకుండా ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ప్రాట్, పార్లమెంటు సభ్యుడి హోదా వల్ల ఆయనను విడుదల చేశాడు.

అంతటితో ఆగితే ఇది ఒక పెద్దమనిషి కథే అయ్యేది. ఆగలేదు. లీచ్ దగ్గర వారానికి ఒక గినీ జీతానికి పనిచేసే హకుల్ అనే అచ్చు పనివాడు కోర్టుకెక్కాడు. ఆయనను పట్టుకుని ఉంచింది ఆరు గంటలే. కొట్టలేదు, తిట్టలేదు, మాంసం వండించి బీరు కూడా పోశారు. జ్యూరీ ఆయనకు 300 పౌన్ల నష్టపరిహారం ఇప్పించింది. ఐదేళ్లు కష్టపడ్డా అంత జీతం రాదు ఆయనకు. అంత పెద్ద మొత్తం అన్యాయమని, ఆయనను పట్టుకున్న రాజు బంట్రోతు మళ్లీ విచారణ జరపాలని కోరితే, ప్రాట్ ఒప్పుకోలేదు. పేరులేని వారంటు పట్టుకుని మనిషి ఇంట్లో జొరబడటం స్పానిష్ మతవిచారణ కన్నా హీనమనీ, ఆ పనివాడు చిన్నవాడా పెద్దవాడా అన్నది లెక్క కాదనీ, హరించుకుపోయింది స్వేచ్ఛ అనీ ఆయన తీర్పు భావం. విల్క్స్‌కు వెయ్యి పౌన్లు వచ్చాయి. మరో రెండేళ్లకు, వేరొక పత్రికకు రాసే జాన్ ఎంటిక్ కేసులో, అప్పటికి లార్డ్ కామ్డెన్ అయిన ప్రాట్ ఇంకా స్పష్టంగా చెప్పాడు. రాజ్య అవసరం అన్న మాట చట్టం కాదు. చట్టపుస్తకంలో చోటు చూపించలేని అధికారం మంత్రికి లేదు. ఆ తీర్పును అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. సోదాల కేసుల్లో మన దేశపు న్యాయవాదులు కూడా ఇప్పటికీ దాన్ని ప్రస్తావిస్తూనే ఉంటారు.

మళ్లీ 1763కు వస్తే, 45వ సంచికను తలారి చేత బహిరంగంగా తగలబెట్టించాలని పార్లమెంటు ఆజ్ఞాపించింది. డిసెంబరులో రాయల్ ఎక్స్ఛేంజ్ దగ్గర మంట వేస్తుంటే జనం విరుచుకుపడ్డారు. షెరీఫ్ బండి అద్దాలు పగిలాయి.

విల్క్స్ ఎలాంటి మనిషో దాచకుండా చెప్పుకోవాలి. అప్పుల పుట్ట. భార్యను ఇబ్బంది పెట్టినవాడు. స్త్రీల గురించి నీచమైన కవిత ఒకటి రహస్యంగా అచ్చువేయించాడు. దాన్ని సంపాదించి ప్రభువుల సభలో చదివి వినిపించింది లార్డ్ శాండ్‌విచ్, ఒకప్పుడు ఇద్దరూ కలిసి తిరిగినవాళ్లే. స్కాట్లండ్ ప్రజల మీద ద్వేషం రెచ్చగొట్టడం నార్త్ బ్రిటన్‌కు రోజువారీ పని. చిత్రకారుడు హోగార్త్ మెల్లకన్ను, వంకర నవ్వు, కొమ్ముల్లా లేచిన విగ్గుతో ఆయనను గీసిన బొమ్మ వేల ప్రతులు అమ్ముడుపోయింది. దేశం వదిలి పారిస్ పారిపోతే, ఆయన లేకుండానే సభ నుంచి బహిష్కరించారు. ఈ మనిషిని ఆరాధించమని నేను ఎవరికీ చెప్పను. అయితే మంచివాళ్ల విషయంలోనే చట్టం పాటిస్తామంటే దాన్ని చట్టం అనలేం. ఆ సంగతి లండన్ కూలీలకు, నేతపనివాళ్లకు, చిన్న దుకాణదారులకు అర్థమైంది. సభలోని ప్రభువులకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1768లో విల్క్స్ తిరిగివచ్చాడు. లండన్ నగరంలో ఓడిపోయి, మిడిల్‌సెక్స్ జిల్లా నుంచి మళ్లీ పోటీచేశాడు. ఆ కాలపు ఎన్నికలు మన ఎన్నికల వంటివి కావు. ఓల్డ్ సేరం అనే చోట ఊరే లేదు, పొలాలున్నాయి, ఇద్దరు సభ్యులున్నారు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ పెరుగుతున్న పట్టణాలు, ఒక్క సభ్యుడూ లేడు. కానీ మిడిల్‌సెక్స్‌లో చిన్న చిన్న భూస్వాములకు, చేతిపనివాళ్లకు కూడా ఓట్లుండేవి. విల్క్స్ 1292 ఓట్లతో మొదటి స్థానంలో గెలిచాడు. ఆ రాత్రి లండన్‌లో దీపాలు పెట్టని ఇళ్ల కిటికీలు పగలగొట్టారు. ప్రతి తలుపు మీదా సుద్దతో 45 అని రాశారు. ఆస్ట్రియా రాయబారిని బండిలోంచి దించి ఆయన బూట్ల అడుగున 45 వేశారు. ఆ రోజుల్లో లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ వించెస్టర్ దాకా ప్రయాణం చేసి, లండన్ దాటాక పదిహేను మైళ్ల దాకా ఆ అంకె లేని తలుపు కనబడటం అరుదని, అక్కడి నుంచి వించెస్టర్ దాకా అక్కడక్కడా అది కనబడిందని రాశాడు. అక్షరం రానివాడు కూడా రాయగలిగిన రాజకీయ నినాదం అది.

పాత కేసుల్లో విల్క్స్‌కు 22 నెలల శిక్ష పడింది. ఆయన ఉన్న జైలు ఎదుట సెయింట్ జార్జి మైదానంలో 1768 మే 10న గుమిగూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయినవాళ్లలో విలియం అలెన్ అనే యువకుడు ఉన్నాడు. గొడవతో అతనికి సంబంధమే లేదు. సైనికులు వేరొకరిని తరుముతూ వచ్చి అతన్ని కాల్చారు.

1769లో కామన్స్ సభ చేసిన పని నాకు ఇప్పటికీ నమ్మశక్యంగా ఉండదు. ఫిబ్రవరి 3న విల్క్స్‌ను బహిష్కరించింది. మిడిల్‌సెక్స్ ఓటర్లు జైల్లో ఉన్నవాణ్ణి మళ్లీ ఎన్నుకున్నారు. సభ చెల్లదంది. మళ్లీ ఎన్నుకున్నారు. మళ్లీ చెల్లదంది. ఏప్రిల్ 13న కల్నల్ లట్రెల్ అనే అభ్యర్థిని ప్రభుత్వం నిలబెట్టింది. విల్క్స్‌కు 1143 ఓట్లు, లట్రెల్‌కు 296. సభ లట్రెల్ గెలిచాడని ప్రకటించి కూర్చోబెట్టింది. సభ్యుణ్ణి ఎవరు ఎన్నుకోవాలి, ఓటర్లా, సభా? ఈ ప్రశ్న మీద జిల్లా జిల్లా నుంచీ విజ్ఞాపనలు వచ్చిపడ్డాయి. చర్చలో సభ్యులు ఏం వాదిస్తున్నారో తెలుసుకోవాలన్న పట్టుదల పత్రికలకు ఇక్కడే పెరిగింది. లిల్లిపుట్ ముసుగు తీసేసి, పేర్లతో సహా వెయ్యడం మొదలుపెట్టారు.

1771 ఫిబ్రవరిలో కల్నల్ జార్జి ఆన్‌స్లో అనే సభ్యుడు లేచి, గెజిటీర్ పత్రిక వేసే థామ్సన్ మీద, మిడిల్‌సెక్స్ జర్నల్ వేసే వీబుల్ మీద ఫిర్యాదు చేశాడు. సభ రమ్మంది. ఇద్దరూ రాలేదు. పట్టిచ్చినవాళ్లకు 50 పౌన్లు ఇస్తామని రాజు పేర ప్రకటన వచ్చింది. మార్చి 12న ఆన్‌స్లో మరో ఆరుగురు ముద్రాపకుల పేర్లు తెచ్చాడు. ప్రతిపక్షంలోని ఎడ్మండ్ బర్క్ తదితరులు, సంఖ్యలో కొద్దిమందే అయినా, తీర్మానం తరువాత తీర్మానం పెట్టి ఆ ఒక్క రాత్రి 23 సార్లు ఓటింగ్ జరిపించారు. తెల్లవారుజాము దాకా సభ కదల్లేదు.

అసలు దెబ్బ బయట తగిలింది. అప్పటికి విల్క్స్ జైలు నుంచి వచ్చి లండన్ నగరానికి ఆల్డర్మన్, అంటే నగర పాలకుల్లో ఒకడు, అయ్యాడు. నగరం సరిహద్దుల్లోపల తమ అధికారులు తప్ప ఇంకెవరూ మనిషిని పట్టుకోకూడదన్నది లండన్ నగరానికి పాత సనదుల్లో ఉన్న హక్కు. మార్చి 15న వీబుల్‌ను ఒక మనిషి పట్టుకుని గిల్డ్‌హాల్‌లో విల్క్స్ ముందుకు తెచ్చాడు. ఆ పట్టుకున్నవాడూ అచ్చు పనివాడే, ముందే అనుకుని చేసిన పని. నేరం ఏమిటని విల్క్స్ అడిగాడు. ప్రకటనలో పేరుందన్నాడు. అది నేరం కాదని వీబుల్‌ను వదిలేసి, పట్టుకున్నవాడి మీదే దౌర్జన్యం కేసు పెట్టాడు. థామ్సన్ విషయంలో ఆల్డర్మన్ రిచర్డ్ ఆలివర్ అదే చేశాడు.

అదే రోజు లండన్ ఈవెనింగ్ పోస్ట్ ముద్రాపకుడు జాన్ మిల్లర్ ఇంటికి నిజమైన బంట్రోతే వచ్చాడు, సభ స్పీకర్ వారంటుతో. భుజం మీద చెయ్యి వెయ్యగానే మిల్లర్ అక్కడే సిద్ధంగా ఉంచిన కానిస్టేబుల్‌ను పిలిచి, ఈ మనిషి నా మీద దౌర్జన్యం చేశాడు, పట్టుకోండి అన్నాడు. పార్లమెంటు బంట్రోతును కానిస్టేబుల్ పట్టుకుని మాన్షన్ హౌస్‌కు తీసుకుపోయాడు. లార్డ్ మేయర్ బ్రాస్ క్రాస్బీ గౌటు జబ్బుతో కాళ్లు కదపలేక మంచం మీద ఉన్నాడు. ఆ మంచం పక్కనే ఆలివర్, విల్క్స్ కూర్చుని విచారణ జరిపారు. స్పీకర్ వారంటు మీద నగర న్యాయాధికారి సంతకం లేదు కనుక ఇక్కడ చెల్లదని, మిల్లర్‌ను వదిలేశారు. బంట్రోతును జామీను మీద విడిచారు.

క్రాస్బీ, ఆలివర్ ఇద్దరూ కామన్స్ సభ్యులు కూడా. సభ వాళ్లను పిలిచి లండన్ టవర్‌కు పంపింది. క్రాస్బీ జబ్బు మనిషి కనుక టవర్‌కు బదులు సభ అధికారి నిర్బంధంలో ఉండవచ్చని కనికరం చూపబోతే ఆయన వద్దన్నాడు. మార్చి 27న పార్లమెంటు బయట జనం ప్రధాని లార్డ్ నార్త్ బండిని ముక్కలు చేశారు. విల్క్స్‌ను కూడా సభ రమ్మంది. మిడిల్‌సెక్స్ సభ్యుడిగా నా స్థానంలో కూర్చోనిస్తేనే వస్తానని ఆయన జవాబు. ఆయనతో మళ్లీ పెట్టుకోవడం రాజుకే ఇష్టం లేకపోయింది. దానితో సభ ఆయనను ఏప్రిల్ 8న రమ్మని ఆజ్ఞాపించి, తాను 9వ తేదీ దాకా వాయిదా పడింది. మే 8న సమావేశాలు ముగియడంతో క్రాస్బీ, ఆలివర్ విడుదలై ఊరేగింపుగా ఇళ్లు చేరారు. మిల్లర్, వీబుల్, థామ్సన్‌లను సభ మళ్లీ ముట్టుకోలేదు. తరువాతి సమావేశాల్లో చర్చలు పత్రికల్లో వచ్చాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ తరువాత కూడా విలేకరులకు సుఖం లేదు. గ్యాలరీలో కాగితం, కలం బయటికి తీయనిచ్చేవారు కాదు. విలియం వుడ్‌ఫాల్ గంటల తరబడి కదలకుండా కూర్చుని, జేబులో తెచ్చుకున్న ఉడకబెట్టిన కోడిగుడ్డుతో కడుపు నింపుకుని, విన్నదంతా జ్ఞాపకం పెట్టుకుని రాత్రికి రాత్రి రాసేవాడు. 1780లలో రాసుకోవడానికి అనుమతి వచ్చింది. సంపాదకుడు జేమ్స్ పెర్రీ ఒకరి తరువాత ఒకరుగా విలేకరులను పంపి, తెల్లవారేసరికి చర్చ మొత్తం పత్రికలో తెచ్చే పద్ధతి పెట్టాడు.

దీని ఫలితం ఎంతదో చూడండి. 1788లో మొదలై ఏడేళ్లు సాగిన వారన్ హేస్టింగ్స్ విచారణలో బర్క్, షెరిడన్ చేసిన ఆరోపణలు దేశమంతా చదివింది. హేస్టింగ్స్ చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా ఈస్టిండియా కంపెనీ ఇండియాలో ఏం చేస్తోందో సామాన్య బ్రిటిష్ పాఠకుడికి తెలిసింది అప్పుడే. బానిసల వ్యాపారం మీద పోరాటం ఇంకా పెద్ద ఉదాహరణ. తానే బానిసగా బతికి విడుదలైన ఒలాడా ఈక్వియానో 1789లో స్వీయచరిత్ర ప్రచురించాడు. ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా విల్బర్‌ఫోర్స్ అనే సభ్యుడు సభలో మాట్లాడింది వారం లోపల మాంచెస్టర్ నేతగాడు చదివాడు. 1792లో ఆ వ్యాపారాన్ని ఆపాలని కోరుతూ 519 విజ్ఞాపనలు కామన్స్ సభకు చేరాయి. ఓటులేని పట్టణాలు, ఓటులేని మనుషులు అలా సభతో మాట్లాడారు. బానిసల చేత పండించిన చక్కెర మానేసిన ఇల్లాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు ఓటు రావడానికి ఇంకో శతాబ్దం పైనే పట్టింది. సభలోని మాట తెలిసినందువల్లే వాళ్లకు దాని మీద ఒత్తిడి పెట్టే దారి దొరికింది.

విల్క్స్ 1774లో లండన్ లార్డ్ మేయర్ అయ్యాడు, మళ్లీ మిడిల్‌సెక్స్ సభ్యుడయ్యాడు. 1776లో ప్రాతినిధ్యాన్ని సంస్కరించాలని, పేదవాడికీ ఓటు ఉండాలని సభలో ప్రతిపాదించి ఓడిపోయాడు. 1780లో కాథలిక్కుల మీద లండన్‌లో అల్లర్లు చెలరేగితే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను కాపాడుతూ ఆ గుంపు మీద కాల్పులు జరిపించాడు. ఒకప్పుడు ఆయన వెంట నడిచిన జనం ఆయనను క్షమించలేదు. 1782 మేలో, తాను ఎన్నికకు అనర్హుడన్న 1769 నాటి తీర్మానాన్ని సభ దస్తావేజుల నుంచి కొట్టేయించడంలో గెలిచాడు. ఓటర్లు ఎన్నుకున్నవాణ్ణి సభ తన ఇష్టానుసారం కాదనడానికి వీల్లేదన్న సూత్రం అప్పుడు నిలబడింది.

ఇక మన సంగతి. పత్రికలు గెలిచినా 1738 నాటి తీర్మానాన్ని, ఆ తరహా తీర్మానాలను కామన్స్ సభ కాగితం మీద అలాగే ఉంచుకుంది. వాటిని అధికారికంగా పక్కన పెట్టింది 1971లో. మన రాజ్యాంగం రాసినప్పుడు, శాసనసభల హక్కులు ఆ కామన్స్ సభ హక్కుల వంటివేనని రాసుకున్నాం. దానితో లండన్ ముద్రాపకులు ఆచరణలో పాతిపెట్టిన నిషేధం మన దగ్గరికి వచ్చింది. బీహార్ శాసనసభలో తొలగించిన మాటలు అచ్చువేసినందుకు సెర్చ్‌లైట్ పత్రిక సంపాదకుడి మీద చర్య తీసుకోబోతే, 1958లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు సభ పక్షానే వచ్చింది. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సమావేశం మీద ఈనాడు పెట్టిన శీర్షిక సభను కించపరిచిందని మండలి భావించి, 1984లో సంపాదకుణ్ణి తన ముందు నిలబెట్టమని ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ అరెస్టును ఆపింది.

పార్లమెంటు చర్చలను నిజాయితీగా ప్రచురించేవాళ్లకు రక్షణ ఇస్తూ 1956లో ఫిరోజ్ గాంధీ ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు తెచ్చి చట్టం చేయించారు. అత్యవసర పరిస్థితిలో దాన్ని రద్దు చేశారు. 1977లో తిరిగి తెచ్చారు. మరుసటి ఏడాది 44వ సవరణతో ఆ రక్షణ రాజ్యాంగంలోనే, 361ఎ అధికరణంగా, చేరింది. శాసనసభలకూ అది వర్తిస్తుంది.

ఆ అధికరణం చిన్నదే. దానికి ముందు 45 అని సుద్దతో రాసిన తలుపులున్నాయి, ఆరు గంటల నిర్బంధానికి కోర్టుకెక్కిన ఒక గినీ కూలివాడు ఉన్నాడు, మంచం మీది నుంచే తీర్పు చెప్పిన మేయర్ ఉన్నాడు. ఇవాళ మన చట్టసభల చర్చల ప్రతులు అచ్చులో దొరుకుతాయి, సమావేశాలు ప్రసారమవుతాయి. వాటిలో గొడవ జరిగిన ఐదు నిమిషాలే మనం చూస్తున్నాం. మీ నియోజకవర్గం సభ్యుడు ఈ ఏడాది ఏ బిల్లు మీద మాట్లాడారో, ఏ ప్రశ్న అడిగారో, ఎన్ని రోజులు మాట్లాడకుండా కూర్చున్నారో ఆ ప్రతుల్లో ఉంటుంది. తెప్పించుకుని చదవండి. చదవడం రాని పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి.